కడిగిన నీళ్ళు, ఎసరు నీళ్ళు

కరోనా తరువాత కాలేజీలు మళ్ళీ తెరుచుకున్న సంవత్సరం, వానలు మొదలయ్యే రోజుల్లో, నన్ను ఎమ్మెస్సీ కెమిస్ట్రీకి సెమినార్ ఇన్‌ఛార్జిగా వేశారు. అప్పటికి నేను దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఒక ప్రైవేటు పీజీ కాలేజీలో అసోసియేట్ ప్రొఫెసర్ని. రిటైర్మెంటు దగ్గర పడింది. సెమినార్ పని మా డిపార్టుమెంటులో ఎవరూ కోరి తీసుకోరు. ల్యాబ్ ఇన్‌ఛార్జికైతే చేతికింద అటెండరు ఉంటాడు, తాళాల గుత్తి ఉంటుంది, కాస్త పెద్దరికం ఉంటుంది. సెమినార్ ఇన్‌ఛార్జికి ఉండేదల్లా సగం రోజులు పనిచేయని ప్రొజెక్టరూ, బిక్కమొహాలు వేసుకుని కూర్చునే పిల్లలూ.

ఈ పని సంగతి తెలియనివారికి కొంత చెప్పాలి. కెమిస్ట్రీలో ఏ ప్రయోగమైనా తలపెట్టే ముందు, అది ఇదివరకు ఎవరైనా చేశారా, ఏ పద్ధతిలో చేశారు, ఏం వచ్చింది అని పరిశోధన పత్రికలన్నీ గాలించాలి. దీన్ని లిటరేచర్ సర్వే అంటాం. పత్రికలు సముద్రమంత ఉంటాయి కాబట్టి, ఒక విషయం మీద వచ్చిన వ్యాసాలన్నీ చదివి సారాంశం రాసిపెట్టే పెద్దలు కొందరుంటారు. అలాంటి సారాంశాన్ని రివ్యూ అంటాం. రివ్యూలో ప్రతి మాట పక్కనా ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు పట్టుకుని వెళ్తే, ఆ ప్రయోగం మొదట చేసినవాళ్ళ అసలు వ్యాసం దొరుకుతుంది. దొరుకుతుంది అన్నాను గాని, వెళ్ళేవాళ్ళు తక్కువ. మా పిల్లలు రివ్యూ ఒక్కటి చదివి, అందులో పేర్కొన్న వ్యాసాలన్నీ తామే చదివినట్టు ఆ నంబర్లన్నీ తమ స్లైడ్ల మీద దింపేసేవారు. ప్రతివాణ్ణీ "ఒరిజినల్ చూశావా?" అని అడగడం నాకు అలవాటు. అడ్మిషన్లప్పుడు సర్టిఫికెట్లు అడిగే గుమాస్తాలా ఉన్నానట. నా వెనక నన్ను ఒరిజినల్ మేడం అనేవారు. నాకు తెలియదనుకునేవారు.

సర్వే అయ్యాక దాన్ని నిలబడి చెప్పాలి. ఇరవై నిమిషాల ప్రసంగం, తరువాత ప్రశ్నలు. యూనివర్సిటీ నుంచి ఎక్స్‌టర్నల్, అంటే బయటి పరీక్షకుడు, వచ్చి మార్కులు వేస్తారు. ఇందులో తప్పితే తక్కిన పేపర్లన్నీ గట్టెక్కినా డిగ్రీ చేతికి రాదు.

మా సెమినార్ గది మూడో అంతస్తులో, రోడ్డు వైపు ఉండేది. కిటికీ ఎదురుగా చేయి చాస్తే అందుతుందేమో అన్నంత దగ్గరగా మెట్రో వంతెన. ఎల్బీ నగర్ వెళ్ళే రైలు గాని, అటునుంచి వచ్చే రైలు గాని వెళ్తుంటే గదిలో మాట వినబడదు. కిటికీలు మూస్తే ఉక్క, తెరిస్తే రైలు. గది మార్చమని ప్రిన్సిపాల్ గారికి రాశాను. "అలవాటైపోతుంది మేడం" అన్నారాయన. నిజంగానే అయింది. పైగా కొన్నాళ్ళకు ఆ రైలే నాకు గీటురాయిగా పనికొచ్చింది. విషయం తెలిసి మాట్లాడేవాళ్ళు రైలు వస్తే ఆగుతారు, వెళ్ళాక ఆపిన చోటునుంచి అందుకుంటారు. బట్టీపట్టి వచ్చినవాళ్ళు ఆగలేరు. ఆ చప్పుడులోనే పెదవులు కదుపుతూ పోతారు. ఖర్మ కాలి ఆగారా, దారం తెగిపోయి మళ్ళీ "గుడ్ మార్నింగ్ రెస్పెక్టెడ్ సర్ అండ్ మేడం" దగ్గర మొదలుపెడతారు. ఇంటర్మీడియట్ నుంచీ ప్రశ్నకు జవాబు అచ్చు దించినట్టు అప్పజెప్పించి పెంచిన పిల్లలు. వాళ్ళ మీద కోపం తెచ్చుకుని ఏం లాభం? అయినా నాకు కోపం వచ్చేది.

వెనకటి సెమిస్టరులో సెమినార్ తప్పిన అమ్మాయి ఒకతె నా చేతికి వచ్చింది. పేరు రూతు. నల్లగొండ అవతలి పల్లె నుంచి వచ్చి ఎల్బీ నగర్‌లో స్థిరపడిన క్రైస్తవ కుటుంబం వాళ్ళది. తల్లి ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆయా, ఎప్పుడూ రాత్రి డ్యూటీయే. రూతు మొదటిసారి సెమినార్ ఎలా పాడుచేసుకుందో, నాకు ముందు ఇన్‌ఛార్జిగా ఉన్న భాస్కర్ చెప్పాడు. అతనూ నల్లగొండవాడే, నాకన్నా చాలా చిన్నవాడు. "రైలొచ్చినప్పుడల్లా గుడ్ మార్నింగ్ కాడికి పోయింది మేడం. ఎక్స్‌టర్నల్ సార్ జర ఓపిక పట్టిండు, ఆఖరికి కూసోమన్నడు" అన్నాడు.

ఆ అమ్మాయికి ఈసారి తప్పకుండా గట్టెక్కాల్సిన అవసరం ఉంది. పెద్ద అంబర్‌పేట్ దాటాక హైవే మీద ఉన్న ఒక మందుల కంపెనీ తనను ల్యాబ్ ట్రైనీగా ఎంచుకుంది. చేరేనాటికి బాకీ సబ్జెక్టు ఏదీ ఉండకూడదని షరతు. మళ్ళీ తప్పితే ఇంకో ఏడాది ఆగాలి, ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. ఆ ఉద్యోగం వస్తే తల్లి చేత రాత్రి డ్యూటీ మానిపించాలని తన కోరిక. ఇదంతా నేను అడిగితే చెప్పింది గాని, తనంతట తాను నోరు విప్పలేదు. నా ముందు రిహార్సల్‌కు నిలబెడితే మళ్ళీ అదే గుడ్ మార్నింగ్, అదే రైలు, అదే తడబాటు. ఈ పిల్లకు నోరే లేదనుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున కూరగాయలకని ఎల్బీ నగర్ వైపు వెళ్ళాను. టైర్ల షాపు మీద మొదటి అంతస్తులో ఒక ప్రార్థనా మందిరం ఉంది. మైకులో ఒక ఆడపిల్ల గొంతు వినిపించి ఆగాను. రూతు. సాక్ష్యం చెబుతోంది. వాళ్ళ మందిరాల్లో ఇది ఆనవాయితీ. తమ జీవితంలో జరిగినదాన్ని లేచి నిలబడి, అందరి ముందూ, కాగితం లేకుండా చెబుతారు. తల్లి మెట్ల మీద పడి కాలు విరిగిన నాటి సంగతి చెబుతోంది. ఏ దవాఖానకు ముందు పోయారు, అక్కడ ఎవరేమన్నారు, అక్కణ్ణుంచి ఎక్కడికి పంపారు, పెద్ద డాక్టరును తాను చూడలేదు గాని నర్సు చెప్పిన మాట ఇది అని, ఒక్కొక్కటీ వరసగా చెప్పుకుపోతోంది. మధ్యలో కింద విజయవాడ బస్సు ఒకటి చెవులు చిల్లులు పడేలా హారన్ మోగించింది. రూతు ఆగింది. హారన్ ఆగాక, ఆపిన మాట దగ్గరే అందుకుంది.

నేను సంచీ పట్టుకుని రోడ్డు మీద అలాగే నిలబడిపోయాను. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది, వెంటనే ఒళ్ళూ మండింది. ఇంత చక్కగా మాట్లాడే పిల్ల నా గదిలో చిలకలా పలుకుతోందే అని.

మర్నాడు పిలిచి అడిగాను. "నిన్న మందిరంలో అంత బాగా చెప్పావే, ఇక్కడేమైందమ్మా నీకు?"

సిగ్గుపడింది. "అక్కడ జరిగింది చెప్తం మేడం. చూసింది చెప్తం, విన్నదైతే విన్నమని చెప్తం. అది మర్చిపోయేదేముంటది? గీడ చెప్పేది నాది కాదు గదా" అంది.

నేను ముప్పై ఏళ్ళుగా రకరకాల మాటల్లో చెబుతూ వచ్చిన పాఠమే అది. అయితే ఆ పిల్లకు నేను నేర్పాల్సింది ప్రసంగం కాదు. వెతకడమే తనదయ్యేట్టు చేయాలి. పాత స్లైడ్లన్నీ తీసేయమన్నాను. కొత్తగా వెతకమన్నాను. ప్రతి సాయంత్రం వచ్చి, ఆ రోజు ఏ పదాలతో వెతికింది, ఎక్కడ దారి తప్పింది, ఏ వ్యాసం తెరుచుకుంది, ఏది తెరుచుకోలేదు అన్నది నాకు తెలుగులో చెప్పాలి. సాక్ష్యం చెప్పినట్టే చెప్పాలి. చూడనిది చూడలేదనాలి. ఇంగ్లీషు సంగతి తరువాత.

తన అంశం ఒక మందు తయారీలో వచ్చే ఒక చర్య. మామూలుగా దాన్ని ఆల్కహాల్ లాంటి ద్రావకంలో చేస్తారు. అదే చర్య వట్టి నీళ్ళలో కూడా జరుగుతుందని రివ్యూలు చెబుతున్నాయి. నీళ్ళలో జరిగితే ఖర్చు తక్కువ, పొగలూ మంటలూ ఉండవు, పర్యావరణానికి మంచిది. రివ్యూలన్నీ ఆ మాటకు ఒక్క పాత వ్యాసాన్నే చూపిస్తున్నాయి. రూతు ఆ పాత వ్యాసాన్ని సంపాదించడానికి చాలా తిరిగింది. ఒక సాయంత్రం కాగితాలు పట్టుకుని వచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"మేడం, గిందుల నీళ్ళల్ల చేసినట్టు లేదు. నాకే అర్థమైతలేదా?"

నేనూ చదివాను. ఒకటికి రెండుసార్లు చదివాను. వాళ్ళు చర్య జరిపింది ఆల్కహాల్‌లోనే. అయిపోయాక దాన్ని ఐసు నీళ్ళలో పోశారు, తేలిన పొడిని వడగట్టి నీళ్ళతో కడిగారు. ల్యాబుల్లో రోజూ చేసే పనే అది. ఎవరో మొదటి రివ్యూ రాసినాయన తొందరలో ఆ కడిగిన నీళ్ళను చర్య జరిగిన నీళ్ళుగా చదివాడు. ఆయన వెనక వచ్చినవాళ్ళు అసలు వ్యాసం తెరవకుండా ఆయన మాటనే ఎత్తి రాసుకుంటూ పోయారు. రూతు పకపకా నవ్వింది. "బియ్యం కడిగిన నీళ్ళను ఎసరనుకున్నరా మేడం!" అంది. ఇంతకన్నా బాగా ఎవరు చెబుతారు?

పరీక్షకు కొద్ది రోజుల ముందు ఎక్స్‌టర్నల్ పేరు తెలిసింది. భాస్కర్ నా గదికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. ఆ రివ్యూలలో ఒకటి రాసింది ఎక్స్‌టర్నల్‌గా వచ్చే ఆ ప్రొఫెసర్ గారే. కడిగిన నీళ్ళ మాట అందులోనూ ఉంది.

"మేడం, జర సోచాయించుండ్రి. ఆ స్లైడ్ ఒక్కటి తీసేపియ్యండి. పిల్ల పాసైతే చాలు గదా మనకు" అన్నాడు.

అతను చెడ్డవాడు కాడు, ఆ పిల్ల మేలు కోరే చెప్పాడు. యూనివర్సిటీకి అనుబంధంగా ఉండే కాలేజీల్లో ఎక్స్‌టర్నల్ అంటే ఇంటికి వచ్చిన వియ్యంకుడి కన్నా ఎక్కువ. కారు పంపాలి, పూలగుత్తి ఇవ్వాలి, బిర్యానీ ఎక్కడిదో ముందే కనుక్కోవాలి. ఆయన మాటకు పిల్లలు ఎదురు చెప్పకూడదని ముందురోజే అందరికీ చెప్పి పెడతారు. నాకు భయం వేసింది. నా ఉద్యోగం గురించి కాదు, అదెలాగూ అయిపోవచ్చింది. నా పట్టుదల వల్ల ఆ అమ్మాయి ఏడాది పోతే, ఆ తల్లి ఇంకో ఏడాది రాత్రిళ్ళు ఆస్పత్రి వరండాలో తిరగాలి కదా అని.

రూతును పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ స్లైడ్ తీసేసినా నేనేమీ అనుకోనన్నాను. ఒక రైలు వెళ్ళింది.

"సాక్ష్యం చెప్పేటప్పుడు పాస్టర్ గారు ముందట కూసున్నరని మార్చి చెప్తమా మేడం?" అంది. తరువాత మెల్లగా, "భయమైతే అయితుంది" అంది.

సరే, అలాగైతే ఎలా చెప్పాలో నేర్పాను. మా వృత్తిలో దీనికి ఒక మర్యాద ఉంది. తప్పు అనే మాట వాడకూడదు. ఎవరి పేరూ ఎత్తకూడదు. 'పలు రివ్యూలలో ఇలా ఉంది, నేను చదివిన అసలు వ్యాసంలో ఇలా ఉంది' అని రెండూ పక్కపక్కన పెట్టి ఊరుకోవాలి. తీర్పు వినేవాళ్ళకు వదలాలి. ఇంకొక మాట గట్టిగా చెప్పాను. ఆ పాత పత్రికవాళ్ళు పూర్తి వివరాలను విడిగా అనుబంధ సంపుటంగా వేసేవారు. ఆ సంపుటం మా లైబ్రరీకి రాదు. అది చూడలేదన్న సంగతి దాచకూడదు.

పరీక్ష రోజు ప్రొఫెసర్ గారు వచ్చారు. వరంగల్ వైపు మనిషి, మితభాషి, తెల్లని సఫారీ. ప్రిన్సిపాల్ గారు పక్కనే కూర్చున్నారు. రూతు వంతు వచ్చింది. గుడ్ మార్నింగ్ ఒక్కసారే చెప్పింది. చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలు, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడికి వెళ్ళిందో వరసగా. రైలు వచ్చినప్పుడు ఆగింది, వెళ్ళాక అందుకుంది. వెనక కూర్చున్న భాస్కర్ నా వైపు చూశాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

ఆ స్లైడ్ వచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టి చెప్పింది. ప్రొఫెసర్ గారు చేయెత్తి ఆపారు. ఈ విషయం మీద వచ్చిన రివ్యూలు చదివారా అని ఇంగ్లీషులో అడిగారు. చదివాను సార్ అంది. మరి అని ఆయన ఏదో అనబోతుండగా రైలు వచ్చింది.

ఆ రైలంత పొడవైన రైలును నేను మళ్ళీ చూడలేదు. ఆయన సగం మాటతో ఆగిపోయి కూర్చున్నారు. ప్రిన్సిపాల్ గారు నన్ను కళ్ళతోనే నమిలేశారు. రూతు బల్ల అంచు పట్టుకుని నిలబడింది, పెదవులు కదపలేదు.

రైలు వెళ్ళింది. "రివ్యూ చదివాక ఒరిజినల్ తెరిచాను సార్. ఆ పేజీ చూపిస్తాను" అంటూ తెర మీద అసలు వ్యాసం పేజీ పెట్టింది. ఆయన లేచి తెర దగ్గరికి వెళ్ళి చదివారు. అయితే ఇక్కడ నీళ్ళు ఎందుకు వాడారంటావు అని అడిగారు. ఇక్కడ ఇంగ్లీషు ఆ పిల్లకు చేయిచ్చింది. మాట కోసం వెతుక్కుని, దొరక్క, తెలుగులో అనేసింది: "కడిగిన నీళ్ళు సార్. ఎసరు కాదు."

గదిలో ఎవరూ నవ్వలేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనా తెలుగులోకి దిగారు.

"అనుబంధ సంపుటం చూసినవా?"

"చూడలే సార్. మా లైబ్రరీల లేదు. అసలు వ్యాసం రాసినాయనకు మెయిల్ పెట్టిన, జవాబు రాలే. గందుకే ఈ వ్యాసం మట్టుకే చెప్తున్న. దాంట్ల ఏముందో నాకు తెల్వదు."

"తెల్వదు" అన్న మాట ఎక్స్‌టర్నల్ ముందు మా పిల్లలెవరూ అనరు. ఏదో ఒకటి చెప్పడం వాళ్ళకు నేర్పిన విద్య. ఆయన "కూర్చో" అన్నారు. వెనకటిసారి విన్న మాట కూడా అదే. రూతు వెళ్ళి కూర్చుంది, తల ఎత్తలేదు. ఆయన మార్కుల షీటు మీద ఏదో రాసి మడిచి, తరువాతి పిల్లవాణ్ణి పిలిచారు.

భోజనం దగ్గర ఆ ఊసే రాలేదు. బిర్యానీ బాగుందన్నారు. కారు ఎక్కేముందు నన్ను పక్కకు పిలిచి, అనుబంధ సంపుటాలు మా యూనివర్సిటీ లైబ్రరీలో ఉన్నాయి, లైబ్రేరియన్‌కు చెబుతాను, ఆ అమ్మాయిని పంపండి అన్నారు. "నేను కూడా చూడలేదు మేడం, ఆ వ్యాసం గాని, సంపుటం గాని" అన్నారు. అంతే. కారు కదిలింది.

ఫలితాలు వచ్చాయి. ఆ బ్యాచ్‌లో సెమినార్‌కు అందరికన్నా ఎక్కువ మార్కులు రూతువే. చూసి నేను స్టాఫ్ రూములో గట్టిగా నవ్వేశాను. భాస్కర్ పరుగెత్తుకుంటూ వెళ్ళి అందరికీ టీ చెప్పాడు.

పాసైంది కదా, ఇంక ఎవరు వెళ్తారు అనుకున్నాను. రూతు వెళ్ళింది. కంపెనీలో చేరాక, తన సెలవు రోజున, బస్సులు మారి యూనివర్సిటీకి వెళ్ళి ఆ సంపుటం తెరిపించుకుంది. సాయంత్రం నా దగ్గరికి వచ్చింది. తాను చెప్పిందే నిజమైందన్న గర్వం ఏమైనా ఉంటుందేమో అని చూశాను.

"అది గూడ చూసిన మేడం. దాంట్ల గూడ కడిగిన నీళ్ళే" అంది. మళ్ళీ తనే, "గా రెండిట్ల లేదు. ఇంకా ఎక్కడన్న ఉంటె తెల్వదు" అంది. అమ్మ ఇప్పుడు పగలే డ్యూటీకి పోతోందని కూడా చెప్పింది.

పరిశోధన పత్రికలను గాలించడం, నిలబడి చెప్పడం రెండు వేరువేరు విద్యలని పాఠ్యప్రణాళికలో రాసుకున్నాం. అవి ఒకటేనని ఆ సెమినార్‌లో నాకు తెలిసింది. తాను చూసినదాన్ని చెప్పేవాడికి బట్టీ అక్కర్లేదు, రైలు అడ్డం రాదు. చూసినది ఎంతవరకో చెప్పగలిగితే చూడనిది చూడలేదని ఒప్పుకోవడానికీ భయం ఉండదు. ఆ తరువాత నేను పనిచేసిన కొద్ది కాలమూ, ఎక్కడ వెతికారో, ఎక్కడ వెతకలేదో చెప్పే స్లైడ్ ఒకటి చివర పెట్టించాను. నా తరువాత భాస్కర్ కూడా పెట్టిస్తున్నాడని విన్నాను.

ప్రొఫెసర్ గారి రివ్యూలో ఆ మాట దిద్దారా లేదా అని ఈ సంగతి విన్నవాళ్ళు అప్పుడప్పుడు అడుగుతుంటారు. నాకు తెలియదు. రిటైరయ్యాక నేను తెరిచి చూడలేదు.